అక్టోబరు చివరి వారానికి భయం సినిమాలు, పుస్తకాలు: ఇంట్లో ఎవరెవరున్నారో చూసి ఎంచుకోవడం

పలాస నుంచి ఒకరు అడిగారు. ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అక్టోబరు 25 నుంచి 31 దాకా రోజూ రాత్రి భోజనాలయ్యాక కూర్చుని భయపడటానికి సినిమాలు, పుస్తకాలు చెప్పండి. ఇంట్లో భార్యాభర్తలు, డిగ్రీ చదివే చెల్లెలు, పదేళ్ల గుంటడు, డెబ్భై దాటిన మామ్మ. నెట్‌లో హాలోవీన్ అని కొడితే వచ్చే జాబితాలన్నీ అమెరికా ఇళ్లకి సరిపోయేవే. వెకిలి దెయ్యాలు వద్దు, నెత్తురు ఏరులై పారేవీ వద్దు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఏడు రాత్రుల్లో నాలుగు సినిమాకి, మూడు కథలకి పెట్టుకోండి. పెద్దవాళ్ల ముగ్గురికీ రాత్రి (1992), మసూద (2022), తుంబాడ్ (2018), 31న హాలోవీన్ (1978). గుంటడికి మాన్‌స్టర్ హౌస్ (2006), అది సాయంత్రం పూటే. మామ్మకి ఆమె ఎవరు? (1966), అది మధ్యాహ్నం. పుస్తకాల్లో యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం, డ్రాకులా మొదటి నాలుగు అధ్యాయాలు, డబ్ల్యూ.డబ్ల్యూ. జేకబ్స్ రాసిన మంకీస్ పా అనే చిన్న కథ. వారానికి ఇవి చాలు, ఇంతకంటే ఎక్కువ పెట్టుకుంటే మూడో రోజుకే భయం మొద్దుబారుతుంది.

అయిదుగురికీ కలిపి ఒకే సినిమా వెతకొద్దు. అలా వెతికితే చివరికి మిగిలేవి నవ్వు దెయ్యాలే. పిల్లాడు ఉన్నాడని పెద్దవాళ్లు రిమోట్ పట్టుకుని సీన్లు దాటిస్తూ ఉంటారు, మామ్మకి కథ అర్థం కాదు, చెల్లెలు ఫోన్ తీస్తుంది. మీకు వచ్చిన చిక్కు ఇదేనని ప్రశ్న చదివితే తెలుస్తోంది. సినిమాలు వేరువేరుగా చూసి, కథలు మాత్రం వీలైనంత వరకు అందరూ కలిసి వినేలా ఏర్పాటు చేసుకోండి.

భయం సినిమా ఎంచేటప్పుడు ముందుగా చూడాల్సింది అందులో ఇల్లు ఎలాంటిదన్నది. కోటలు, మహళ్లు, నిలువెత్తు తలుపులు ఉన్న సినిమాలు కన్నుల పండగగా ఉంటాయి. అరుంధతి (2009)లో బనగానపల్లె నవాబు బంగళా ఎంత నిండుగా కనిపిస్తుందో, అనుష్క ఎంత ఠీవిగా నిలబడుతుందో అందరికీ తెలుసు. కానీ టీవీ ఆపాక ఆ భయం బంగళాలోనే ఉండిపోతుంది. మనం వెళ్లి పడుకునేది రెండు గదుల ఇంట్లో, మేడ మెట్ల పక్కన. ఆ మెట్లలాంటి మెట్లు, ఆ వంటగదిలాంటి వంటగది తెరమీద కనిపించిన సినిమా అయితే మంచినీళ్లకి లేచినప్పుడు కూడా వెంట వస్తుంది. పెద్దవాళ్లకి పైన చెప్పిన తెలుగు సినిమాలు రెండూ అలా ఎంచినవే.

రాత్రి రామ్‌గోపాల్ వర్మది. హిందీలో రాత్ పేరుతో కలిపి తీశారు, రేవతి నాయిక. కొత్తగా ఒక ఇంట్లో దిగిన మామూలు కుటుంబం, కాలేజీకి వెళ్లే అమ్మాయి, ఒక పిల్లి. అంతకుమించి కథ చెప్పను. ఈ సినిమాలో గమనించాల్సింది కెమెరా నడక. ఎవరూ లేని గదిలో కూడా అది ఎవరో నడుస్తున్నట్టు కదులుతుంది, కాబట్టి చూసేవాళ్లకి ఆ గదిలో ఒకరున్నారన్న అనుమానం పుడుతుంది. ఖాళీ సినిమా హాలు ఘట్టం దగ్గర మాటలు దాదాపు ఉండవు, సౌండు తగ్గించి చూస్తే దాని బలమంతా పోతుంది. దొరికే ప్రింట్లలో కొన్నింటిని ఇప్పటి టీవీలకి సరిపోవాలని పైనా కిందా కోసేశారు. మనుషుల తలలు సగానికి తెగి కనిపిస్తుంటే అది వదిలేసి ఇంకో ప్రింటు వెతకండి. ఈ సినిమాలో పై అంచు దగ్గర, మనిషి వెనకాల ఉన్న ఖాళీలోనే పని జరుగుతుంది.

దీని తర్వాత వర్మ తీసిన దెయ్యం (1996) కూడా మీ చెల్లెలు అడుగుతుంది. జయసుధ, జె.డి. చక్రవర్తి, మహేశ్వరి ఉన్నారు. చూడొచ్చు, కానీ రెండూ ఒకే వారంలో వద్దు. రెండింటిదీ ఒకే పద్ధతి కాబట్టి రెండోది వెలవెలబోతుంది.

మసూద దర్శకుడు సాయికిరణ్. నీలం అనే సైన్సు టీచరు (సంగీత), ఆమె కూతురు నజియా, పక్క ఫ్లాటులో ఉండే భయస్తుడైన కుర్రాడు గోపి (తిరువీర్). మొదటి గంట చాలామందికి నెమ్మదిగా అనిపిస్తుంది, అక్కడే ఫోన్లు బయటికి వస్తాయి. ఆ గంటలో దర్శకుడు చేసే పని ఏమిటంటే, గోపికి ఆ తల్లీకూతుళ్లతో ఉన్న చనువు పెంచడం. వీడు ఎందుకు పారిపోకుండా ఉన్నాడు అన్న ప్రశ్నకి జవాబు అందులో ఉంది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పని దెయ్యం సినిమాలే ఎక్కువ, అందుకే అవి మధ్యలో జారిపోతాయి. రెండున్నర గంటలు దాటుతుంది కాబట్టి మర్నాడు సెలవున్న రోజు పెట్టుకోండి. 7:30కి మొదలుపెడితేనే పదిన్నర లోపు ముగుస్తుంది. అక్టోబరు చివర్లో మన శ్రీకాకుళం వైపు అయిదున్నరకే పొద్దు గూకుతుంది, ఏడింటికల్లా చిమ్మచీకటి. తొమ్మిదిదాకా ఆగే పని లేదు.

తుంబాడ్ హిందీ. రాహీ అనిల్ బర్వే దర్శకత్వం, సోహమ్ షా నటన. కథ మహారాష్ట్రలో 1918 నుంచి 1947 దాకా సాగుతుంది. పైన చెప్పిన ఇంటి లెక్కకి ఇది మినహాయింపు, ఇందులో ఉన్నది పాడుబడ్డ వాడ, అంటే మరాఠీల పాతకాలపు పెద్ద ఇల్లు. అయినా ఎందుకు పెట్టానంటే ఎడతెగని వాన కోసం. అసలైన వర్షాకాలాల్లో తీయడం వల్ల ఏళ్ల తరబడి పట్టింది. తుఫాను రోజుల్లో మన ఊళ్లలో ఉండే ఆ తడి, ఆ మసక వెలుతురు ఇందులో ఉన్నంత నిజంగా ఇంకో సినిమాలో దొరకదు. భయం పుట్టేది దురాశలోంచి కాబట్టి కథ కూడా నిలుస్తుంది. పిల్లలు, మామ్మ పడుకున్నాకే వేయండి. ముసలమ్మ ఘట్టాలు, కొన్ని పడకగది ఘట్టాలు ఉన్నాయి. నిడివి గంటా నలభై అయిదు నిమిషాల లోపే.

హాలోవీన్ జాన్ కార్పెంటర్ తీశాడు. అక్టోబరు 31 రాత్రి జరిగే కథ కాబట్టి ఆ రోజుకి ఇదే సరైనది. చాకుతో చంపేవాడి సినిమా అనగానే మీరు జంకుతారు, కానీ ఇందులో నెత్తురు ఆశ్చర్యపోయేంత తక్కువ. భయమంతా రోడ్డు అవతల నిలబడ్డ మనిషిలోనూ, కార్పెంటరే కట్టిన పియానో సంగీతంలోనూ ఉంది. ఆ బాణీ అయిదు మాత్రల లెక్కలో సాగుతుంది. నాలుగుకి అలవాటుపడ్డ చెవికి ఎక్కడో ఒక అడుగు తడబడినట్టు ఉంటుంది, మనసు కుదుటపడదు. కొద్ది డబ్బుతో తీసిన సినిమా. హంతకుడి ముసుగు, ఒక టీవీ సీరియల్ కెప్టెన్ ముఖంతో బజార్లో అమ్మే మామూలు ముసుగుకి తెల్ల రంగు వేసి తయారు చేసింది. కాలిఫోర్నియాలో వసంతకాలంలో తీశారు కాబట్టి రాలిన ఆకులు దొరక్క, కాగితపు ఆకులకి రంగులేసి, ఒక సీను అయ్యాక ఏరి గోనెసంచుల్లో నింపుకుని ఇంకో వీధిలో చల్లేవారు. చూస్తున్నప్పుడు వెనక చెట్ల మీద పచ్చదనం గమనించండి. కొన్ని అసభ్య దృశ్యాలు ఉన్నాయి, పెద్దవాళ్లకి మాత్రమే. ఇది విజయం సాధించాక వరసగా బోలెడు భాగాలు వచ్చాయి. మొదటిది ఒక్కటే చూడండి.

వీటిలో ఏదైనా దొరకకపోతే ద అదర్స్ (2001) వేసుకోండి. నికోల్ కిడ్మన్, ఎండ పడకూడని ఇద్దరు పిల్లలు, తెరలు దించిన ఇల్లు. చుక్క నెత్తురు లేదు. దీని గురించి నెట్‌లో ఏమీ చదవకుండా చూడాలి, ఒక్క వాక్యం చాలు పాడవడానికి. ద సిక్స్త్ సెన్స్ (1999)కీ అదే జాగ్రత్త. మలయాళంలో రాహుల్ సదాశివన్ తీసిన భూతకాలం (2022) నాకు చాలా ఇష్టం. తల్లిగా రేవతి, కొడుకుగా షేన్ నిగమ్, ఒక అద్దె ఇల్లు. రాత్రి సినిమా చూసిన వారంలోనే ఇదీ చూస్తే ముప్పయ్యేళ్ల తర్వాత అదే నటి భయాన్ని ఎంత లోపలికి ఇంకించుకుందో కనిపిస్తుంది. అదే దర్శకుడి భ్రమయుగం (2024) పూర్తిగా నలుపు తెలుపు, మమ్ముట్టి ఒక్కడే ఇల్లంతా నిండిపోతాడు. నెమ్మదైన సినిమా, ఓపికున్న రాత్రి చూడండి.

డబ్బు పెట్టకుండా చూడాలంటే నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్ (1968) ఉంది. విడుదలకి ముందు సినిమా పేరు మార్చినప్పుడు కొత్త టైటిల్ మీద కాపీరైట్ గుర్తు వేయడం మర్చిపోయారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం హక్కులు పోయాయి, అందుకే పూర్తి సినిమా ఉచితంగా దొరుకుతుంది. జర్మనీ మూకీ నోస్ఫెరాటు (1922) కూడా అంతే, కానీ మూకీ అలవాటు లేనివాళ్లు ఇరవై నిమిషాల్లో లేచిపోతారు.

మామ్మ సంగతి. ఆ వయసులో ఒక్కసారిగా ఢామ్మని ఉలిక్కిపడేలా చేసే సినిమాలు పెట్టకూడదు. గుండెకి మందులు వాడుతుంటే అసలే వద్దు. ఆమె ఎవరు? జగ్గయ్య, జయలలిత నటించింది, హిందీ వో కౌన్ థీ (1964)కి తెలుగు రూపం. వాన రాత్రి, తెల్లచీర, పాట. భయమూ ఉంటుంది, వాళ్ల రోజుల జ్ఞాపకమూ ఉంటుంది. హిందీ పాటలు ఇష్టమైతే మహల్ (1949), మధుమతి (1958) ఉండనే ఉన్నాయి.

గుంటడికి మాన్‌స్టర్ హౌస్ గంటన్నర బొమ్మల సినిమా, హాలోవీన్ ముందురోజు మొదలయ్యే కథ. ఎదురింటి ఇల్లే మనుషుల్ని మింగుతుంది. పదేళ్ల పిల్లలకి ఒక లెక్క పెట్టుకోండి: ప్రమాదం బయట ఉండొచ్చు, అమ్మానాన్నల్లో ఉండకూడదు. తల్లి ముఖమే మారిపోయే సినిమాలు ఆ వయసులో నిజంగా దెబ్బ కొడతాయి. పిల్లల సినిమాగా పేరున్న కోరలైన్ (2009) అందుకే కొందరు పిల్లలకి పడదు, అందులో కళ్ల స్థానంలో బొత్తాలున్న ఇంకో అమ్మ వస్తుంది. ఏ సినిమా అయినా వాడికంటే ముందు మీరు ఒక్కరే చూడండి. భయపడితే "మగపిల్లాడివి, భయమేటి" అనొద్దు. అక్కడే ఆపి, ఆ సీను ఎలా తీశారో చూపించండి. రంగులేసిన కాగితపు ఆకుల సంగతి చెప్పినా చాలు, పిల్లల దృష్టి దెయ్యం మీంచి పనితనం మీదకి మళ్లుతుంది. సినిమా అయ్యాక వెంటనే పడుకోబెట్టకుండా పావుగంట ఇంకేదైనా పనిలో పెట్టండి.

ఇక పుస్తకాలు.

తులసిదళం వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల, దాన్ని చదవాల్సిన పద్ధతీ అదే. ప్రతి భాగమూ ఒక కొక్కెం మీద ఆగుతుంది. ఒక్క రాత్రిలో తినేస్తే ఆ కొక్కేల విలువ పోతుంది, రోజుకి ముప్పై నలభై పేజీల దగ్గర మూసేయండి. తులసి అనే చిన్నపాప మీద చేతబడి జరిగిందన్నది కథ. మాంత్రికుడు కాద్రా ఒడిశా మనిషి. సరిహద్దు పక్కనే ఉన్న మనకి ఆ దారులు తెలిసినట్టే ఉంటాయి, అందుకు ఇంకాస్త గుబులు. ఈ నవలలో నేను మెచ్చుకునేది వైద్యం, హిప్నాటిజం, మంత్రం మూడూ ఒకే జబ్బుకి మూడు కారణాలు చెబుతూ పక్కపక్కనే నడవడం. ఏది నమ్మాలో తేలక పాఠకుడు ఊగుతాడు, భయం ఆ ఊగిసలాటలోనే ఉంది. దీని మీద, దీని వెనక వచ్చిన నవలల మీద క్షుద్ర సాహిత్యం అన్న విమర్శ గట్టిగా వచ్చింది. ఆ విమర్శలో పస ఉంది, దాని సంగతి కిందకి వస్తాను. చంటిపిల్లలున్న తల్లులకి కొన్ని పేజీలు కష్టంగా ఉంటాయి. దీని కొనసాగింపు తులసి. కాష్మోరా (1986) సినిమా దాని మీద తీసిందే. సినిమా కంటే పుస్తకం పది రెట్లు నయం.

డ్రాకులా బ్రామ్ స్టోకర్ 1897లో వేశాడు. మొత్తం నవల డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాముల రూపంలో ఉంటుంది. పెద్ద పుస్తకం, మధ్యలో సాగుతుంది. వారంలో పూర్తి చేయాలని పట్టుబట్టొద్దు. జొనాథన్ హార్కర్ కోటలో బందీగా ఉన్న మొదటి నాలుగు అధ్యాయాలు విడిగా చదివినా నిండైన పెద్ద కథలా ఉంటాయి. అద్దంలో కనపడని మనిషి, గోడమీద తలకిందులుగా పాకే మనిషి అక్కడే ఉన్నారు. నచ్చితే ఇంకో పని చేయండి. డైరీ తేదీలు మే 3న మొదలై నవంబరు 6 దాకా ఉన్నాయి. చివరి వేట సరిగ్గా మీరు కూర్చునే వారంలోనే జరుగుతుంది. అక్టోబరు 31న మీనా హార్కర్ రాసిన పేజీలు ఆ రాత్రే చదివి, మిగతావి నవంబరు 6 దాకా ఏ రోజువి ఆ రోజు చదువుకోవచ్చు. హక్కుల గడువు తీరిన పుస్తకం కాబట్టి ఇంగ్లీషు మూలం ఉచితంగా దొరుకుతుంది.

మంకీస్ పా 1902 నాటి కథ. చదవడం కంటే చెప్పడం మేలు. పాతిక నిమిషాలు పడుతుంది. ఎండిపోయిన కోతి చెయ్యి, మూడు కోరికలు, ముసలి దంపతులు, ఫ్యాక్టరీలో పనిచేసే ఒక్కగానొక్క కొడుకు. ఇంగ్లీషు పేర్లు తీసేసి మీ ఊళ్లోకి తెచ్చేయండి: జీడిపప్పు ఫ్యాక్టరీ, రెండు వందల పౌన్ల బదులు రెండు లక్షలు, ఇల్లు కాశీబుగ్గ అవతల. చెప్పే తీరులో కొన్ని మెళకువలు ఉన్నాయి. మూలకథ మూడు భాగాలు, భాగానికీ భాగానికీ మధ్య ఒక నిమిషం ఆగండి, ఆ నిమిషంలో ఏమీ మాట్లాడొద్దు. గొంతు మార్చి దెయ్యంలా అరవొద్దు. మెల్లగా చెబితే వినేవాళ్లే ముందుకు వంగుతారు. తలుపు చప్పుడు వచ్చే చోట నిజంగా ఎవరిచేతా తలుపు కొట్టించొద్దు, మామ్మ ఉంది. తలుపు అవతల ఎవరున్నారో రచయిత చూపించలేదు, తండ్రి మూడో కోరిక ఏమని కోరాడో కూడా మాటల్లో రాయలేదు. మీరూ చెప్పకండి. "అయితే ఎవరొచ్చారు?" అని ఎవరైనా అడిగితే "తలుపు తీసేసరికి వీధి ఖాళీ" అని అక్కడితో ఆపేయాలి. వివరించడం మొదలుపెట్టగానే కథ చచ్చిపోతుంది. కొడుకు చావు ఉంది కాబట్టి గుంటడు పడుకున్నాక చెప్పండి.

వాడు మేలుకుని ఉన్న రాత్రికి చందమామ భేతాళ కథలు. శంకర్ వేసిన ఆ బొమ్మ ముందు పెట్టండి, శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడిచే రాజు. భయం బొమ్మలో ఉంటుంది, కథలో ధర్మసందేహం ఉంటుంది, పిల్లలకి ఆ పాళ్లు సరిగ్గా సరిపోతాయి. భేతాళుడి ప్రశ్న దగ్గర ఆపి వాణ్ని జవాబు చెప్పమనండి. పాత సంచికలు నెట్‌లో దొరుకుతున్నాయి.

ఆ రాత్రే మామ్మని కూడా కథ చెప్పమనండి. కొరివిదెయ్యాల కథ తెలియని మామ్మ మన జిల్లాల్లో ఉండదు. చీకట్లో పొలం గట్టున నిప్పు కదలడం, పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలకకపోవడం. ఇవి ఏ పుస్తకం కంటే గట్టిగా పనిచేస్తాయి, ఎందుకంటే అవి మీ ఊరి గట్టు మీద, మీకు తెలిసిన చెట్టు కింద జరుగుతాయి. "అది ఏ చెట్టు మామ్మా?" అని అడగండి, మిగతాది ఆవిడే చూసుకుంటుంది.

చెల్లెలికి సాహిత్యం ఇష్టమైతే టాగోర్ క్షుధిత పాషాణ్ ఇవ్వండి. రైలు కోసం వేచి ఉన్న జంక్షన్లో ఒక అపరిచితుడు చెప్పే పాడు మహలు కథ. దానికి ముగింపు ఎలా వస్తుందో చదివితేనే బాగుంటుంది. కన్యాశుల్కంలో గవరయ్య దెయ్యాన్ని సీసాలో బిగించానంటూ లుబ్ధావధాన్లు ఇంటిల్లిపాదినీ హడలగొట్టే ఘట్టం కూడా గట్టిగా చదవడానికి గొప్పగా ఉంటుంది. విజయనగరంలో పుట్టిన నాటకం, ఆ మాట తీరు మన నోటికి ఇట్టే వస్తుంది. పాత తెలుగు కథలు ఇంకా కావాలంటే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. వాళ్ల వెబ్‌సైటులో పత్రికల్లో వచ్చిన కథల స్కాన్లు దొరుకుతాయి.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని పని, గది సర్దడం. మంచి సినిమా చప్పగా ఉందని అనేవాళ్లలో సగంమందికి తప్పు ఇక్కడే ఉంటుంది.

టీవీ కొత్తగా వచ్చినప్పుడున్న సెట్టింగులతో చూడొద్దు. షాపులో మెరవడానికి పెట్టిన వివిడ్ మోడ్‌లో నలుపంతా ముద్దైపోతుంది, మూలన నిలబడ్డ మనిషి కనపడడు. సినిమా మోడ్ గానీ ఫిల్మ్‌మేకర్ మోడ్ గానీ పెట్టండి. కదలికని నున్నగా చేసే ఆప్షన్ ఆపేయండి, అది ఉంటే సినిమా సీరియల్‌లా కనిపిస్తుంది. చీకటిగా ఉందనిపిస్తే బ్రైట్‌నెస్ జోలికి వెళ్లకుండా బ్యాక్‌లైట్ పెంచండి. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ పెంచితే నలుపు బూడిదరంగుకి తిరుగుతుంది. సరి చూసుకోవడానికి చీకటి సీను దగ్గర ఆపండి: నల్లజుట్టు, వెనకున్న చీకటి గోడ విడివిడిగా తెలియాలి, గోడ మాత్రం నల్లగానే ఉండాలి.

ట్యూబులైటు ఆర్పి, టీవీ వెనక ఒక జీరో బల్బు పెట్టండి. పూర్తి చీకట్లో కళ్లు త్వరగా అలసిపోతాయి. బల్బు మీ వెనక ఉంటే తెర మీద ప్రతిబింబం పడుతుంది.

సౌండుకి ఒక పద్ధతి. ఇద్దరు మామూలుగా మాట్లాడుకునే సీను పెట్టి, ఆ మాటలు ఎదురుగా కూర్చున్న మనిషి మాటల్లా వినపడేదాకా వాల్యూమ్ పెంచి, ఆపై రిమోట్ ముట్టుకోవద్దు. నైట్ మోడ్, ఆటో వాల్యూమ్ లాంటివి ఆపండి. అవి గుసగుసని పెంచి అరుపుని తగ్గించి రెండింటినీ ఒకే మట్టానికి తెస్తాయి. సీలింగ్ ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతుంటే గాలి చప్పుడులో సినిమాలోని చిన్న శబ్దాలు కలిసిపోతాయి, రెండు పాయింట్లు తగ్గించండి. కిటికీలు మూసి దోమల సంగతి ముందే చూసుకోండి. భోజనాలు అయ్యాకే మొదలుపెట్టండి, కంచాల చప్పుడు ఇలాంటి సినిమాలకి పడదు.

హెచ్‌డీలో సినిమాకి గంటకి సుమారు 3 జీబీ దాకా పడుతుంది. రోజుకి 1.5 జీబీ ప్యాకు మీద ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూస్తే సగంలోనే అయిపోతుంది. డేటా వేగం పడిపోతే మొదట దెబ్బతినేవి చీకటి సీన్లే, గోడలమీద చదరాలు చదరాలుగా మచ్చలు పడతాయి. పగలే వైఫై మీద ఎక్కువ క్వాలిటీలో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. డౌన్‌లోడ్ చేసినవాటికి గడువు ఉంటుంది, కొన్ని ప్లే నొక్కిన 48 గంటల్లో పోతాయి, కాబట్టి పనిచేస్తోందా అని ముందురోజు నొక్కి చూడొద్దు. ఏ సినిమా ఏ ఓటీటీలో ఉందో తరచూ మారుతుంది, అందుకే వాటి పేర్లు రాయలేదు. 20వ తేదీకల్లా వెతికి పెట్టుకోండి.

పంచాంగం కూడా చూసుకోండి. 2024లో దీపావళి సరిగ్గా అక్టోబరు 31నే వచ్చింది. అలాంటి ఏడు టపాసుల మోతలో ఏ సినిమా నిలవదు, కథలు అసలే నిలవవు. అప్పుడు మొత్తం వారాన్ని ముందుకి జరుపుకోండి.

విరూపాక్ష (2023), మా ఊరి పొలిమేర (2021) ఎందుకు చెప్పలేదని అడగొచ్చు. రెండూ పట్టుగా తీసినవే, విరూపాక్షలో ఊరి కట్టుబాటు చుట్టూ అల్లిన ఉత్కంఠ చాలా బాగుంటుంది. అది మొదలయ్యేదే చేతబడి చేశారన్న అనుమానంతో ఒక ఊరు దంపతుల్ని కాల్చేయడంతో. మన జిల్లాలకి ఇది ఉత్తుత్తి కథ కాదు. చిల్లంగి పెట్టారని అనుమానించి మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు ఉత్తరాంధ్ర ఏజెన్సీ గ్రామాల నుంచి వస్తూనే ఉన్నాయి. చనిపోయినవాళ్లలో ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు ఉన్నారు. తులసిదళం మీద వచ్చిన విమర్శలో పస ఉందన్నది ఇందుకే. ఈ కథలు చదవొద్దని చెప్పను, నేనే తులసిదళం చెప్పాను. కానీ చెల్లెలితో, ఊహ తెలిసిన పిల్లలతో ఆ రాత్రే మాట్లాడండి: జ్వరానికి, మూర్ఛకి, పిల్లల చావుకి కారణం పక్కింటి మనిషి మంత్రం కాదని, ఆసుపత్రికి వెళ్లాల్సిన జబ్బని సూటిగా చెప్పండి. పనికి వచ్చేవాళ్లు, ఇరుగుపొరుగు పిల్లలు కూడా కూర్చుని చూస్తుంటే ఈ మాట ఇంకా అవసరం.

చివరగా కరెంటు. అక్టోబరు మనకి తుఫానుల నెల. 2018లో తిత్లీ అక్టోబరు 11న మీ పలాస దగ్గరే తీరం దాటింది, కరెంటు రావడానికి ఎన్ని రోజులు పట్టిందో మీకే బాగా తెలుసు. తుఫాను హెచ్చరిక ఉన్న వారమైతే సినిమా రాత్రుల మీద ఆశ పెట్టుకోకుండా ఫోన్లు, ఎమర్జెన్సీ లైటు ఛార్జి చేసి, మంకీస్ పా ఆ రోజుకి దాచుకోండి. మామూలు కోత అయితే, కరెంటు తిరిగి వచ్చాక ఆగిన చోట నుంచి మొదలుపెట్టొద్దు. పది నిమిషాలు వెనక్కి వెళ్లి, మాటలు మాత్రమే ఉన్న ఒక మామూలు సీను నుంచి చూడండి. పావుగంటకి మించి పోయిందా, ఆ రాత్రికి సినిమా కట్టేసి మామ్మ చుట్టూ చేరండి.